మట్టి కాని మట్టి... మాయలోకపు మనుషులు!

పొడుగు చెవులు, ముడతల మొహం, మేక కాళ్లు, తూనీగ రెక్కలు... ఎక్కడా లేని జీవిని వేళ్లతో పుట్టించాలంటే ఏం కావాలి? ఓ ముద్ద పాలిమర్ క్లే, కాస్త తీగ, వంటింట్లో వాడే అల్యూమినియం రేకు, బోలెడంత ఓపిక. ఆపైన ఓవెన్‌లో అరగంట అగ్నిపరీక్ష!

పెట్టె విప్పితే లేత గులాబీ రంగులో సబ్బుబిళ్లలాంటి గట్టి ముద్ద. పది నిమిషాలు పిసికితే పూరీపిండిలా దారికొస్తుంది. బల్లమీద వదిలేసి వారం తర్వాత వచ్చి చూసినా ఎండదు, పగుళ్లివ్వదు. తడిగుడ్డ కప్పక్కర్లేదు, నీళ్లు చిలకరించక్కర్లేదు. ముక్కు బాగాలేదనిపిస్తే చిదిమేసి మళ్లీ పెట్టొచ్చు. కనురెప్ప వంకరపోతే గీకేసి మళ్లీ దిద్దొచ్చు. నెలరోజులపాటు ఎన్నిసార్లు మనసు మార్చుకున్నా ఓర్చుకునే ఆ ముద్దకు ఒక్కసారి 130 డిగ్రీల వేడి తగిలిందా... అంతే. ఇక మాట వినదు. అప్పటిదాకా చేసిన ఒప్పులూ తప్పులూ అన్నీ ఉన్నవున్నట్టు గట్టిపడిపోతాయి.

పాలిమర్ క్లేతో ఊహాజీవుల్ని మలిచేవాళ్ల ఆనందమూ బెంగా రెండూ అక్కడే ఉన్నాయి. అమెరికా, ఐరోపా దేశాల్లో ఇదో పెద్ద వ్యాపకం. కొందరికి వృత్తి కూడా. గోబ్లిన్లు, డ్రాగన్లు, జలకన్యలు, అడవి దేవతలు, చెట్టుబెరడు చర్మమున్న ముసలమ్మలు... ఏదైనా చేస్తారు. సినిమాలోనో పుస్తకంలోనో ఉన్నదాన్ని చూసి చేస్తే అది నకలు. అలాకాకుండా తన బుర్రలోనే పుట్టిన జీవిని అచ్చు వాడకుండా చేత్తో మలిస్తే, అలాంటిది ప్రపంచం మొత్తమ్మీద ఒక్కటే ఉంటుంది. విలువంతా ఆ ఒక్కటికే.

పేరుకే మట్టి

నిజానికి ఇందులో మట్టి చిటికెడు కూడా ఉండదు. మన ఇంటి నీళ్ల పైపులు తయారయ్యే పీవీసీయే ఇదీనూ. కాకపోతే మెత్తటి పొడి రూపంలో ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి ఓ ద్రవం, ఒళ్లు నింపడానికి మరికొన్ని పొడులు, రంగు... ఇవన్నీ కలిస్తే పాలిమర్ క్లే. వేడి తగిలినప్పుడు ఆ ద్రవాన్ని పీవీసీ రేణువులు పీల్చుకుని ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుని ఏకమైపోతాయి. కుమ్మరి మట్టి గట్టిపడాలంటే అందులోని నీరంతా పోవాలి, ఆపైన ఆవంలో కాలాలి. దీనికి ఆ గొడవేం లేదు. కేకులు చేసుకునే ఓవెన్ చాలు.

దీని పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. జర్మనీలో కేథే క్రూజే అని పేరుమోసిన బొమ్మల తయారీదారు ఉండేవారు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యే రోజుల్లో, బొమ్మల తలలకు పనికొస్తుందేమోనని ఓ కొత్తరకం ప్లాస్టిక్ ముద్ద ఆమె దగ్గరికొచ్చింది. కర్మాగారానికి అది సరిపడలేదు. కూతురు సోఫీ చేతికి మాత్రం భలేగా నచ్చింది. ఇంట్లో సోఫీ ముద్దుపేరు ఫిఫీ. తర్వాత్తర్వాత ఆమె దానిమీద సొంతంగా ప్రయోగాలు చేసి ‘ఫిఫీ మొజాయిక్’ పేరుతో అమ్మారు. 1964లో ఆ తయారీ విధానాన్ని ఎబర్‌హార్డ్ ఫాబెర్ అనే పెన్సిళ్ల కంపెనీ కొనుక్కుంది. ఫిఫీలో ‘ఫి’, మొజాయిక్‌లో ‘మొ’ కలిపి ‘ఫిమో’ అని పేరుపెట్టింది. ఇప్పటికీ ఆ పేరుతోనే దొరుకుతోంది.

అట్లాంటిక్‌కు ఆవల కథ ఇంకో రకం. ట్రాన్స్‌ఫార్మర్ల లోపల పుట్టే వేడిని బయటికి లాగేందుకని 1960ల్లో అమెరికాలో ఓ పదార్థం తయారుచేశారు. ఆ పనికి అది అక్కరకు రాలేదు. ఓరోజు ప్రయోగశాలకు వచ్చిన ఓ అమ్మాయి ఊసుపోక దాంతో చిన్నబొమ్మ చేసిందనీ, దాన్ని అక్కడి ఓవెన్‌లో పెడితే గట్టిపడిందనీ కంపెనీవాళ్లు చెబుతారు. అలా పుట్టింది ‘స్కల్పీ’. ఊహాజీవుల శిల్పులు ఎక్కువగా వాడే ‘సూపర్ స్కల్పీ’ దాని తోబుట్టువే. ఒకటి బొమ్మల ఫ్యాక్టరీ వద్దన్నది, మరొకటి కరెంటువాళ్లు వద్దన్నది. రెండూ చివరికి శిల్పుల బల్లమీదికే చేరాయి.

అన్నట్టు, పిల్లలు ఆడుకునే ప్లాస్టిసీన్ వేరు. ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హార్బట్ అనే డ్రాయింగు మాస్టారు 1897లో దాన్ని కనిపెట్టారు. అది ఎప్పటికీ గట్టిపడదు. వాలెస్ అండ్ గ్రోమిట్ సినిమాల్లో పాత్రల మూతులు అన్నేసి తీర్లుగా కదిలేది అందుకే.

లోపల ఎముకలుంటేనే...

లేని జీవిని చేసేటప్పుడు ఇలాగే ఉండాలన్న నియమం ఏముంటుంది, ఎలా చేసినా చెల్లుతుంది కదా అనుకుంటారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. చూసేవాడికి ఆ జీవి ఎప్పుడూ కనిపించలేదు. కానీ మోకాలు ఎటు వంగుతుందో, బరువు మోస్తున్న కాలు ఎలా బిగుసుకుంటుందో పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. అక్కడ తేడా వస్తే కారణం చెప్పలేకపోయినా ‘ఏదో బాగాలేదు’ అనేస్తాడు. అందుకే మంచి శిల్పులు రెక్కల సంగతి తర్వాత చూద్దామని ముందు అస్థిపంజరాల పుస్తకాలు ముందేసుకుంటారు. మేకకాళ్ల మనిషిని చేయాలంటే మేక వెనక్కాలు తెలియాలి. దానికి మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తుంది కానీ మనం మోకాలనుకునేది నిజానికి మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే బొమ్మ నిలబడుతుంది. తెలియకపోతే మనిషికి మేక చెప్పులు తొడిగినట్టుంటుంది.

ఇది మన శిల్పులకు కొత్తేం కాదు. సింహం శరీరానికి ఏనుగు తొండం తగిలించిన యాళి, మొసలి నోటితో తోరణాలకు కాపలా కాసే మకరం, రెండు తలల గండభేరుండం... మన గుళ్ల స్తంభాల నిండా ఊహాజీవులే. 1528లో కృష్ణదేవరాయల కాలంలో హంపీలో చెక్కిన 6.7 మీటర్ల నరసింహుణ్ని చూస్తే ఎక్కడ సింహం అయిపోయి ఎక్కడ మనిషి మొదలయ్యాడో గీత గీసి చెప్పలేం. డ్రాగన్ మెడను మనిషి భుజాల్లో కలపబోయే అమెరికా శిల్పి తల బద్దలుకొట్టుకునేది సరిగ్గా ఆ చోటు గురించే.

కొలతల సంగతీ అంతే. పాశ్చాత్య శిల్పులు ఒంటిని తలలతో కొలుస్తారు. మామూలు మనిషి ఏడున్నర తలలు, వీరుడైతే ఎనిమిదీ తొమ్మిదీ. మూడు నాలుగు తలలకు కుదించేస్తే మరుగుజ్జు గోబ్లిన్ తయారు. మన శిల్పశాస్త్రంలో ముఖం పొడవు ఒక తాలం. ప్రధాన దేవతలకు పది తాలాలు, పొట్టివాడైన వినాయకుడికి అయిదు, భూతగణాలకు నాలుగు. ఎక్కడో ఉన్న ఇద్దరు శిల్పులు ఒకరికొకరు తెలియకుండానే ఒకే లెక్కకు వచ్చారు. తల పెద్దదై ఒళ్లు చిన్నదైతే చూసేవాడికి పసితనమో కొంటెతనమో తోస్తుంది. తల చిన్నదైతే భయమూ గౌరవమూ కలుగుతాయి.

కాగితంమీద బొమ్మ కుదిరాక తీగ పని. మెత్తటి అల్యూమినియం తీగను బొమ్మ ఎత్తుకు సరిగ్గా సరిపోయేలా వంచి వెన్నెముక, కాళ్లు, చేతులు చేస్తారు. కీళ్ల దగ్గర జారకుండా ఎపాక్సీ ముద్దతో బిగిస్తారు. పాదాల్లోంచి వచ్చే తీగ కొసల్ని చెక్కదిమ్మలో దిగేస్తారు. తల, ఛాతీ, పొట్ట ఉండేచోట వంటింటి అల్యూమినియం రేకును ఉండగా నలిపి చుడతారు. సుత్తితో కొట్టి మరీ గట్టిగా అదుముతారు. ఇది పిసినారితనం కాదు. నిండుగా మట్టే పెడితే పైన కాలిపోయినా లోపల పచ్చిగానే ఉంటుంది, పగులుతుంది. రేకు ఉంటే పైన మట్టి అంతటా ఒకే మందంలో ఉంటుంది. వేడి లోపలికీ అందుతుంది. బరువూ తగ్గుతుంది.

అంగుళం పొడవు కూడా లేని చేతి వేళ్లకు సైతం ఒక్కోదానికీ సన్నతీగ ఉండాల్సిందే. కొత్తవాళ్లు ఇక్కడే బద్ధకిస్తారు. ఆ వేళ్లే మొదట విరుగుతాయి.

చాలామంది తల, చేతులు, పాదాలు విడివిడిగా చేసుకుని తర్వాత ఒంటికి కలుపుతారు. మన కొండపల్లి కళాకారులు పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతికించినట్టన్నమాట.

కళ్లే ముందు

గుళ్లో విగ్రహానికి కళ్లు తెరిచేది అన్నిటికన్నా చివర. ఇక్కడ పద్ధతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ముందు కళ్లు, తర్వాతే మొహం. గుడ్డు ఆకారంలో తలముద్ద చేసి, ఎత్తులో సరిగ్గా సగం దగ్గర రెండు గుంటలు నొక్కుతారు. వాటిలో గాజుకళ్లు కూర్చోబెడతారు. లేకపోతే ముందే కాల్చి పెట్టుకున్న తెల్లటి మట్టి గోళీలైనా సరే. ప్లాస్టిక్ కళ్లయితే ఓవెన్‌లో కరిగి ముంచేస్తాయి. ఆ తర్వాత సేమియాలంత సన్నటి మట్టి పోగులు చేసి కంటిపైన ఒకటి, కింద ఒకటి రెప్పలుగా పరుస్తారు. గుడ్డుమీద రెప్ప నిజంగా కప్పుకుని ఉంది కాబట్టే బొమ్మ చూపు నిజమనిపిస్తుంది. కంటిని మొహంమీద గీస్తే ఆ నమ్మకం రాదు.

పై రెప్పను వెంట్రుకవాసి కిందికి దించితే నిద్రమొహం. పైకి లేపితే బిత్తరచూపు. లోపలి కొసను కాస్త వంచితే దిగులు. ఆ వెంట్రుకవాసి కోసం కొందరు సాయంత్రమంతా కూర్చుంటారు. గొప్ప పనిముట్లేం ఉండవు. కుట్టుసూది, అల్లికసూది, పళ్లు కుట్టుకునే పుల్ల, పాత టూత్‌బ్రష్, దంతవైద్యులు వాడి పారేసిన కొంకి పనిముట్లు. మొహంమీద ముడత గీయాలంటే ముందు పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి దానిమీంచి సూదితో గీస్తారు. సూదితో నేరుగా గీస్తే చాకుగాటులా ఉంటుంది. కాగితం మీంచి గీస్తే అంచులు గుండ్రంగా వచ్చి నిజం చర్మం మడతపడినట్టుంటుంది. నారింజ తొక్కతో అద్దితే చర్మరంధ్రాలు వస్తాయి. వేలిముద్రలు పోవడానికి ఆసుపత్రుల్లో వాడే స్పిరిట్‌లో కుంచె ముంచి నిమురుతారు.

ముసలి మొహాలు చేయడం తేలిక, పసిమొహాలు కష్టం అంటారు అనుభవజ్ఞులు. ముడతల్లో చిన్న చిన్న తప్పులు దాగిపోతాయి. నున్నటి బుగ్గమీద చిన్న గుంట పడినా దాక్కోవడానికి చోటుండదు. గోబ్లిన్లూ మంత్రగత్తెలూ ఇంత ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఓ కారణం కావచ్చు!

యోడా వెనకున్న చేతులు

ఈ లోకంలో గౌరవంగా తలుచుకునే పేరు వెండీ ఫ్రౌడ్. 1954లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. నాన్న శిల్పి, అమ్మా కళాకారిణే. చిన్నప్పట్నుంచీ ఆమెకు బొమ్మలు కొనుక్కోవడం కన్నా చేసుకోవడమే ఇష్టం. ఆ చేతిపనే ఆమెను మపెట్స్ సృష్టికర్త జిమ్ హెన్సన్ బృందంలోకి చేర్చింది. 1982లో వచ్చిన ‘ద డార్క్ క్రిస్టల్’ సినిమాలో ఒక్క మనిషి కూడా కనిపించడు. అన్నీ ఊహాజీవులే. అందులో నాయకానాయికలైన జెన్, కీరా బొమ్మల్ని మలిచింది వెండీయే. దానికి ముందే ‘ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’(1980)లోని యోడా తయారీలోనూ చేయివేశారు. ఆ పాత్ర రూపశిల్పి స్టూవర్ట్ ఫ్రీబోర్న్. పచ్చటి ఒళ్లు, చేటంత చెవులున్న ఆ రెండడుగుల జీవికి మొహం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? సగం ఫ్రీబోర్న్ సొంత మొహం. కళ్లచుట్టూ ఉన్న ముడతలు ఐన్‌స్టీన్‌వి! ఊహ అంటే గాల్లోంచి ఊడిపడేది కాదనడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి.

సినిమా తోలుబొమ్మలు రబ్బరుతో చేసినవి. వెండీకి సొంతంగా పేరు తెచ్చినవి మాత్రం పాలిమర్ క్లేతో ఇంట్లో చేసుకున్న యక్షిణులూ, అడవి పిల్లలూ. మొహం, చేతులు క్లేతో చేసి, ఒంటికి గుడ్డలు, ఆకులు, ఈకలు, మేకబొచ్చు జుట్టు తొడిగేవారు. 1999లో వచ్చిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ ఫెయిరీ టేల్’ అనే పిల్లల పుస్తకానికి బొమ్మలు గీయలేదు. వెండీ చేసిన ప్రతిమల్ని తోటల్లో, చెట్ల వేళ్ల మధ్య నిలబెట్టి ఫొటోలు తీశారు. కథ రాసింది టెర్రీ విండ్లింగ్.

వెండీ భర్త బ్రయాన్ ఫ్రౌడ్ చిత్రకారుడు. 1978లో ఆలన్ లీతో కలిసి ఆయన వేసిన ‘ఫెయిరీస్’ పుస్తకం ఈ తరహా బొమ్మలకు పెద్దబాలశిక్ష లాంటిది. డార్క్ క్రిస్టల్ పనిలోనే ఇద్దరికీ పరిచయమై పెళ్లయింది. కొడుకు టోబీ పసివాడిగా ఉన్నప్పుడే ‘లాబిరింత్’(1986) సినిమాలో గోబ్లిన్లు ఎత్తుకుపోయే బాబుగా నటించాడు. పెద్దయ్యాక తనూ బొమ్మల శిల్పే అయ్యాడు. 2019లో డార్క్ క్రిస్టల్ కథను మళ్లీ సిరీస్‌గా తీసినప్పుడు జీవుల రూపకల్పన పర్యవేక్షించింది ఆ టోబీనే. గోబ్లిన్ల మధ్య పెరిగిన పిల్లాడు ఇంకేమవుతాడు మరి.

గుండె గొంతులోకొచ్చే అరగంట

నెలరోజులు పట్టినా సరే, బొమ్మ ఎప్పటికో ఒకప్పటికి ఓవెన్‌లోకి వెళ్లాలి. కంపెనీని బట్టి 110 నుంచి 135 డిగ్రీల వేడి. ఆరు మిల్లీమీటర్ల మందానికి 15 నుంచి 30 నిమిషాలు. వినడానికి ఇంతే. కానీ ఓవెన్ మీటా చూపించే అంకెకూ లోపలి వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే. అందుకే లోపల విడిగా ఓ థర్మామీటర్ పెట్టనిదే బొమ్మ పెట్టరు. తక్కువ కాలితే పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఓరోజు చెయ్యి బిస్కట్‌లా విరిగి చేతిలోకొస్తుంది. ఎక్కువైతే ముందు చెవుల కొసలు, వేళ్లు, రెక్కల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. 175 డిగ్రీలు దాటితే మాడి, గొంతు మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అప్పుడు బొమ్మను వదిలేసి కిటికీలు తెరుచుకుని బయటికి నడవడమే. మైక్రోవేవ్‌లో పెట్టడం అసలే కూడదు.

ఇంకో చిక్కుంది. వేడి తగలగానే ఈ మట్టి గట్టిపడదు. ముందు ఇంకాస్త మెత్తబడుతుంది! చాచిన చెయ్యి, గాల్లో తేలే జడ ఆ కొద్ది నిమిషాల్లోనే కిందికి వాలిపోతాయి. అందుకని వాటికింద రేకు ఉండలో, దూదిలాంటి పాలియెస్టర్ పీచో మెత్తగా దూరుస్తారు. సన్నటి భాగాలు మాడకుండా పైన రేకుతో గుడారం కప్పుతారు. గడువయ్యాక కూడా బొమ్మ కాస్త వంగుతూనే ఉంటుంది. పూర్తిగా చల్లారాకే రాయిలా అవుతుంది. ఓవెన్ కట్టేసి తలుపు తెరవకుండా గంటసేపు ఆగగలగడం కూడా ఈ విద్యలో భాగమే. ఆత్రంకొద్దీ బయటికి తీస్తే చల్లగాలికి మెడ దగ్గర టప్పుమంటుంది.

పూర్తిగా దారి మూసుకుపోదు లెండి. పగుళ్లలో కొత్తమట్టి నింపి మళ్లీ కాల్చొచ్చు. ఒకే బొమ్మను ఎన్నోసార్లు ఓవెన్‌లో పెట్టొచ్చు. తెలివైనవాళ్లు తల నచ్చగానే దాన్ని ఒక్కదాన్నే కాల్చేసి పక్కన పెట్టుకుంటారు. ఇక దానిమీద చెయ్యి తగిలి ముక్కు నలుగుతుందన్న భయం ఉండదు. గట్టిపడినదాన్ని చెక్కొచ్చు, గరుకుకాగితంతో రుద్దొచ్చు. పోయేది ఒక్కటే... వేలితో నొక్కితే మారిపోయే ఆ మెత్తదనం. దిగులుగా కాలిపోయిన మొహాన్ని ఇక నవ్వించలేం.

తర్వాత రంగు. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులే వాడతారు. నెయిల్‌పాలిష్, కొన్ని స్ప్రే రంగులు వేస్తే ఏళ్లు గడిచినా జిగురుగానే ఉంటుంది, దుమ్మంతా అంటుకుంటుంది. ఒళ్లంతా పల్చటి గోధుమరంగు నీళ్లు పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే రంగు ముడతల్లో మాత్రం మిగులుతుంది. అప్పటిదాకా ప్లాస్టిక్‌లా ఉన్న మొహానికి ఒక్కసారిగా వయసొస్తుంది. బుగ్గలకు, ముక్కుకొసకు, చెవులకు కాస్త ఎరుపు, కళ్లకింద నీలం అద్దుతారు. కంటిమీద చుక్క వార్నిష్ పడితే తడి మెరుపు. జుట్టుకు అంగోరా మేక బొచ్చును పాయలు పాయలుగా జిగురుతో అంటిస్తారు.

కంప్యూటర్ వచ్చాక

ఈ బొమ్మలు అలమరాల్లోకే పరిమితం కాలేదు. కార్టూన్ సినిమాల్లో పాత్రను అన్ని వైపుల్నుంచీ ఒకేలా గీయాలంటే యానిమేటర్ల ముందు దాని బొమ్మ ఉండాలి. దాన్ని మాకెట్ అంటారు. 1930ల చివర్లోనే డిస్నీ స్టూడియోలో జో గ్రాంట్ ఆధ్వర్యంలో దీనికోసం ఓ విభాగం పెట్టారు. తర్వాతి తరంలో ఆ పనికి పాలిమర్ క్లే వచ్చిపడింది. అందులో చెయ్యి తిరిగినవాడు కెంట్ మెల్టన్. ‘అల్లాద్దీన్’(1992), ‘ద లయన్ కింగ్’(1994), ‘ద ఇన్‌క్రెడిబుల్స్’(2004), ‘కోరలైన్’(2009) పాత్రల్లో ఎన్నిటినో తెరమీదికన్నా ముందు ఆయన తన బల్లమీద నిలబెట్టారు. 2024లో ఆయన కన్నుమూశారు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కి న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ శిల్పులు చేతులతో చేసిన చిన్న బొమ్మల్నే స్కానర్‌తో కంప్యూటర్లోకి ఎక్కించి రాక్షసుల్ని నడిపించారు.

అదే కంప్యూటర్ ఆ తర్వాత మట్టికి పోటీ అయింది. 1999లో మొదటిసారి ప్రదర్శించిన జీబ్రష్ సాఫ్ట్‌వేర్‌తో తెరమీదే ముద్దను నొక్కుతూ లాగుతూ బొమ్మ చేయొచ్చు. నచ్చకపోతే ఒక్క మీట నొక్కి వెనక్కి వెళ్లొచ్చు. కావాలంటే త్రీడీ ప్రింటర్లో అచ్చుతీసుకోవచ్చు. హైదరాబాద్ యానిమేషన్ స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లకూ అది అన్నం పెడుతున్న విద్యే. స్టూడియోలకు సమయమే డబ్బు కాబట్టి చాలాచోట్ల చేతి మాకెట్ల అవసరం తగ్గిపోయింది. తప్పుపట్టలేం. కానీ తెరమీది బొమ్మకు బరువుండదు. కాలు ఎటు పెట్టినా కింద పడదు. బల్లమీది గోబ్లిన్ తూకం తప్పితే పడిపోతుంది, పడితే ముక్కు విరుగుతుంది. నిలబడటమంటే ఏమిటో శిల్పికి అది నేర్పినంత బాగా తెర నేర్పలేదు. డిజిటల్ శిల్పులు ఎందరో ఇప్పటికీ సాధనకు మట్టిముద్ద పట్టుకునేది అందుకే.

నకళ్ల సంగతీ చెప్పుకోవాలి. బొమ్మ బాగా కుదిరితే దానికి సిలికాన్ అచ్చు తీసి రెజిన్‌తో పదులకొద్దీ ప్రతులు పోసి అమ్మేవాళ్లున్నారు. అచ్చు తీసేటప్పుడు అసలు బొమ్మ తరచూ విరిగిపోతుంది. ప్రతులు దేశదేశాలకూ వెళతాయి, నెలరోజులు కూర్చుని చేసింది మాత్రం ముక్కలై చెత్తబుట్టలోకి. అందుకు మనసొప్పనివాళ్లు ఒక్క బొమ్మే చేసి ఒక్కరికే ఇస్తారు.

మీరూ ప్రయత్నిస్తారా?

మనదేశంలో పాలిమర్ క్లే ఎక్కువగా చెవిపోగులకూ, గోరంత ఇడ్లీ సాంబారు ప్లేట్లలాంటి బుల్లి బొమ్మలకూ వాడుతున్నారు. పెద్ద ఊళ్లలో డ్రాయింగు సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేటప్పుడు పెట్టెమీద ‘ఓవెన్‌లో కాల్చేది’ అని ఉందో లేదో చూసుకోవాలి. గాలికే ఆరిపోయే రకాలు పక్కనే ఉంటాయి, అవి వేరు. ఒకప్పుడు ఇందులో వాడిన థాలేట్లనే రసాయనాలమీద భయాలుండేవి. పిల్లల వస్తువుల్లో వాటిలో కొన్నిటిని 2008లో అమెరికా చట్టం నిషేధించింది. పేరున్న కంపెనీలు అవి లేకుండానే తయారుచేస్తున్నాయి. అయినా దీనికి వాడిన పీట, కర్ర, చాకు మళ్లీ వంటకు వాడకూడదు. బొమ్మల పని ఎక్కువగా ఉంటే ఓవెన్ కూడా విడిగా ఉంటే మంచిది. గాజుపలకమీదో టైలుమీదో పనిచేయాలి. పచ్చిగా ఉన్నప్పుడు ఇది వార్నిష్ పూసిన బల్లను, కొన్నిరకాల ప్లాస్టిక్ డబ్బాలను తినేస్తుంది.

మన ఎండల సంగతి తెలిసిందే. మే నెలలో కిటికీ పక్కనో ఆపి ఉంచిన కారులోనో వదిలేస్తే ఓవెన్‌తో పనిలేకుండా పొట్లంలోనే సగం గట్టిపడి ఊరుకుంటుంది. చల్లటిచోట, వెలుతురు తగలకుండా దాచాలి. పిసకడానికి పిల్లల చేతులు బాగా పనికొస్తాయి. ఓవెన్ దగ్గరికి మాత్రం పెద్దవాళ్లే వెళ్లాలి.

మొదటిసారే రెక్కల గుర్రం పెట్టుకోవద్దు. రేకు ఉండమీద నిమ్మకాయంత తల చాలు. కళ్లకు రెండు గాజుపూసలు, కాస్త పెద్దముక్కు, చేటంత చెవులు. ముసలి మొహమైతే మరీ మంచిది. చెవుల కొసలు మాడాయా? జుట్టు కాస్త కిందికి దించి అతికించండి, ఎవరికీ తెలీదు.